దేవుడి అలమర పక్కనున్న చార్జరు తీసేద్దాం

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆషాఢ పౌర్ణమి దగ్గరపడేసరికి విశాఖలో ఎక్కడ విన్నా సింహాచలం అప్పన్నస్వామి గిరి ప్రదక్షిణ మాటే. ట్రాఫిక్ ఎటు మళ్ళిస్తారు, చలివేంద్రాలు ఎక్కడ పెడతారు, కొండకి బస్సులు ఎన్నింటి దాకా నడుస్తాయి అని పత్రికల్లో వివరంగా వేస్తారు. వేయాల్సిందే. అయితే కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన మనిషి ఆ 32 కిలోమీటర్లూ మనసుని స్వామి మీద ఎలా నిలుపుకోవాలి, ఇంటికొచ్చాక ఏడాది పొడుగునా ఎలా నిలుపుకోవాలి అన్న సంగతి పెద్దగా ఎవరూ రాయరు. పారాయణలు చేసేవాళ్ళం, చేయించేవాళ్ళం కనుక ఆ సంగతులే రాస్తున్నాం. కాస్త పొడుగైంది, వీలు చూసి వేసుకోగలరు.

ఈ కాలంలో భక్తి నిలవడం లేదని వాపోయేవాళ్ళు టీవీనీ, సినిమాల్నీ, మాల్స్‌నీ తిడుతుంటారు. గుడి పక్కన సినిమాహాలు మన తాతల నాడూ ఉంది. సినిమాకెళ్ళినవాడు సినిమాకే వెళ్ళాడు, గుడికెళ్ళినవాడు గుడికే వెళ్ళాడు. ఇప్పుడు శ్లోకం, గంట, పంచాంగం, జపం లెక్క, దర్శనం టికెట్టు అన్నీ తీసుకెళ్ళి ఫోనులో పెట్టేశాం. దేవుడి కోసమని ఫోను తీస్తాం, దేవుణ్ణి తప్ప మిగతా లోకాన్నంతా చూసి పక్కన పెడతాం. ధ్యాస చెదురుతున్నది బయటి ఆకర్షణల వల్ల కంటే, పూజ కోసం తెరిచిన ఈ తలుపు వల్లే. కాబట్టి పూజకి సంబంధించిన ఒక్కొక్క వస్తువునీ ఫోనులోంచి బయటికి తీసి మళ్ళీ దాని చోట దాన్ని పెట్టుకోవాలన్నది మా మాట.

మొదట చోటు సంగతి. కొత్త ఫ్లాట్లలో పూజగది అంటూ విడిగా ఉండటం తక్కువ. హాలు గోడకో వంటగది మూలనో ఒక అలమర, అందులో చిన్న బల్బు, ఆ బల్బు కోసం ఒక ప్లగ్గు. ఆ ప్లగ్గుకే ఇంట్లోవాళ్ళ ఫోన్లు రాత్రంతా వేలాడుతుంటాయి. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టడానికి వెళ్ళిన చెయ్యి అగ్గిపెట్టె మీద పడేలోపే తెర వెలుగుతుంది. పుల్ల గీయకముందే నాలుగు మెసేజీలు చదవడం అయిపోతుంది. ఆ చార్జరుని పడకగదికో చెప్పుల స్టాండు దగ్గరికో మార్చేయండి. పైసా ఖర్చు లేని పని. పోర్టులో, ఆసుపత్రిలో డ్యూటీలున్నవాళ్ళు, మంచంపట్టిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళు ఫోను పూర్తిగా ఆపలేరు. వాళ్ళు ‘డోంట్ డిస్టర్బ్’ పెట్టుకుని ముఖ్యమైన నాలుగైదు నంబర్లకి మాత్రం మినహాయింపు ఇచ్చుకోవచ్చు. వైబ్రేషన్ కూడా తీసేయాలి. చెక్క మీద పెట్టిన ఫోను గుర్రుమంటే పూజ గంట కంటే గట్టిగా వినబడుతుంది.

ఇక శ్లోకం. అచ్చు పుస్తకంలోంచి చదవండి, ఇందులో రాజీ వద్దు. ఫోనులో చదివేటప్పుడు జరిగేది చూడండి. అక్షరం కనబడటం లేదని పెద్దది చేస్తాం. శ్లోకపాదం తెరలో పట్టక విరిగి కింది లైనులోకి పోతుంది. దాంతో ఆగకూడని చోట ఆగి, సమాసాన్ని నడిమికి విరిచి చదువుతాం. కొన్నాళ్ళకి ఆ విరుపే నోటికి అలవాటైపోతుంది, తరవాత సరిదిద్దడం మహా కష్టం. అరనిమిషం వేలు కదపకపోతే తెర ఆరిపోతుంది, కదిపితే చదివే చోటు తప్పిపోతుంది. ఇక యూట్యూబులో పెట్టుకుని వెంట చదివేవాళ్ళకైతే ధ్యానశ్లోకం అయ్యీ అవకముందే అప్పులిచ్చే యాప్ ప్రకటన వస్తుంది. వీడియో అయిపోయాక దానంతట అది మొదలయ్యే తరవాతి వీడియో ఏమిటన్నది మీ చేతిలో ఉండదు. వంట చేసుకుంటూ స్తోత్రం వినడం మంచిదే, వినండి. దాన్ని విన్నట్టుగా లెక్కేసుకోండి, పారాయణ చేసినట్టుగా కాదు.

పుస్తకం కొనేటప్పుడు బంగారు రంగు అట్ట చూసి కొనకండి, లోపల మధ్య పేజీ తెరవండి. లైనుకి ఒక పాదం చొప్పున ఉందా, చెయ్యి చాపినంత దూరంలో పెట్టినా అక్షరం ఆనుతోందా, ఒత్తులూ దీర్ఘాలూ అరిగిపోకుండా పడ్డాయా చూసుకోండి. పుస్తకం పీఠం మీద తెరిచిపెడితే తనంతట మూసుకుపోకూడదు. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఒక చేత్తో పేజీ అదిమిపట్టుకుని ఇంకో చేత్తో అక్షతలు వేసేవాడి ధ్యాస పేజీ మీదే ఉంటుంది.

విష్ణు సహస్రనామం మొత్తం చదవడానికి టైము లేదనే మాట తరచూ వింటుంటాం. చివరి ‘వనమాలీ గదీ’ శ్లోకంతో కలిపి నామాలున్న శ్లోకాలు 108. తడబడకుండా చదివితే ఒక శ్లోకానికి పది సెకన్లు, నామాల వరకూ 18 నిమిషాలు. పూర్వపీఠిక, ఫలశ్రుతి కలిపితే అరగంట. ఆ అరగంట లేనివాళ్ళు రోజుకి 12 శ్లోకాలు చదివితే తొమ్మిది రోజులకి ఒక ఆవృత్తి. రోజుకి పట్టేది రెండు మూడు నిమిషాలు. మొదటిరోజు పీఠికా ధ్యానం, చివరిరోజు ఫలశ్రుతి కలుపుకోవాలి. విడతలుగా చదవచ్చా అని సందేహించేవాళ్ళు ఒక్కసారి కొండ మీదికి చూడాలి. అప్పన్నకి చందనం కూడా ఒకేసారి పూయరు. అక్షయ తృతీయ నాడు నిజరూప దర్శనం అయ్యాక ఒక విడత, ఆ తరవాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడు విడతలు, విడతకి మూడు మణుగుల చొప్పున. సెలవురోజున ఆసాంతం చదవండి, పనిరోజుల్లో విడతలుగా చదవండి. ఫలానా చోట ఆపామని గుర్తుకి ఒక దారం పెట్టుకుంటే చాలు.

విశాఖలో చాలా ఇళ్ళు షిఫ్టుల మీద నడుస్తాయి. ఉదయం ఆరింటి షిఫ్టుకి నాలుగున్నరకే లేచి బస్సు పట్టుకోవాలి, రాత్రి పదింటి షిఫ్టు నుంచి వచ్చేసరికి తెల్లారి ఇంట్లోవాళ్ళ పూజ కూడా అయిపోతుంది. ఇలాంటివాళ్ళు ‘రోజూ ఆరింటికి’ అని గడియారం పట్టుకుని నియమం పెట్టుకుంటే రెండో వారానికే తప్పిపోతుంది. తప్పిందన్న బాధతో మొత్తం మానేస్తారు. నియమాన్ని గంటకి కట్టకుండా స్నానానికి కట్టుకోండి. ఏ షిఫ్టయినా స్నానం తప్పదు కదా. స్నానమైన వెంటనే, కాఫీకంటే ముందు, ఫోను ముట్టకుండా ఐదు నిమిషాలు. కొలత ఎంత పెట్టుకోవాలంటే, జ్వరమొచ్చిన రోజు కూడా చేయగలిగినంత. మండలదీక్ష ఉత్సాహంలో రోజుకి పదకొండు మాలలు అని మొదలుపెట్టి కార్తీకం వెళ్ళగానే మాలని మేకుకి తగిలించేసే ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో.

జపం దగ్గరే మనసు ఎక్కువ పారిపోతుంది కనుక దాని గురించి వివరంగా చెప్పాలి. నోటితో పైకి చేసేది వాచికం, పెదవులు మాత్రం కదిలేది ఉపాంశువు, లోలోపలే చేసేది మానసం. మానసం గొప్పదని పుస్తకాల్లో చదివి చాలామంది నేరుగా అక్కడే మొదలుపెడతారు. ఇరవయ్యో పూస దగ్గరికి వచ్చేసరికి చేతులు పూసలు తోస్తుంటాయి, మనసు ఆఫీసులో ఉంటుంది. లేదంటే కునుకు పడుతుంది. మనసు చెదిరిందని తెలిసిన క్షణాన ఒక మెట్టు దిగి పెదవులు కదపండి. అప్పటికీ ఆగకపోతే పైకి అనండి. నాలుకకి పని పడితే మనసు దాని వెనకాలే వస్తుంది. వెళ్ళిన చోటల్లా పట్టుకుని వెనక్కి తెచ్చుకోమనే గీత కూడా చెప్పింది, అసలు వెళ్ళనే వెళ్ళదని చెప్పలేదు. ‘ఓం నమో నారాయణాయ’ అనే అష్టాక్షరి ఒక మాల తిప్పడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. గాయత్రి అయితే పావుగంట పైనే. అష్టాక్షరి మాల రెండు నిమిషాల్లో ముగించామంటే అక్షరాలు మింగేస్తున్నామని అర్థం. భోజనం చేసి కూర్చోవద్దు, గోడకి ఆనుకోవద్దు.

మాలని మధ్యవేలి మీద ఉంచి బొటనవేలితో ఒక్కొక్క పూసా లోపలికి లాగాలి. చూపుడువేలు తగలనివ్వరు. మేరుపూస (మాల కొసన విడిగా ఉండే పూస) దాటకూడదు, అక్కడికి రాగానే మాల తిప్పి వచ్చిన దారినే వెనక్కి రావాలి. మేరువు దగ్గర ఆ తిప్పడం వల్లే ఒక ఆవృత్తి అయిందన్న స్పృహ చేతికి తెలుస్తుంది. ఫోనులోని లెక్క యాప్‌లో ఇది ఉండదు. అంకె చూడాలంటే కళ్ళు తెరవాలి, కళ్ళు తెరిస్తే అంకె పైన మెసేజీ కనబడుతుంది. ఎన్ని మాలలయ్యాయో గుర్తుండదంటే పళ్ళెంలో పది శనగగింజలు పెట్టుకుని మాలకి ఒకటి పక్కకి జరపండి.

మాల లేని చోట, అంటే సిటీ బస్సులోనో షేర్ ఆటోలోనో, చేతివేళ్ళే మాల. కుడిచేతి ఉంగరపువేలి మధ్య కణుపు ఒకటి, దాని మొదలు రెండు. చిటికెన వేలి మొదలు, మధ్య, కొన మూడూ నాలుగూ ఐదూ. ఉంగరపువేలి కొన ఆరు, మధ్యవేలి కొన ఏడు, చూపుడువేలి కొన ఎనిమిది, దాని మధ్య తొమ్మిది, మొదలు పది. మధ్యవేలి కింది రెండు కణుపులూ మేరువు, వాటిని ముట్టరు. పదులని ఎడమచేత్తో ఇలాగే లెక్కపెడితే పది పదులకి నూరు, పైన ఎనిమిది. గాజువాకలో ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగేలోపు నాలుగైదు మాలలు సునాయాసంగా అవుతాయి. ఎదుటివాళ్ళకి తెలియను కూడా తెలియదు.

దీపం దగ్గర ఫోనుకి ఏం పని అనుకుంటారేమో. టైమరు పెట్టుకుంటున్నారు! జపానికి పదిహేను నిమిషాలు కావాలంటే అలారం కాకుండా నూనె కొలత వాడండి. మీ కుందిలో, మీరు వేసే వత్తికి, ఒక చెంచా నూనె ఎంతసేపు వెలుగుతుందో ఒకసారి గోడ గడియారం చూసి తెలుసుకోండి. వత్తి లావుని బట్టి ఇంటింటికీ మారుతుంది, అందుకే మేం అంకె చెప్పడం లేదు. ఆ తరవాత ఎన్ని చెంచాలు పోయాలో మీకే తెలుస్తుంది. కూర్చున్నంతసేపూ దీపమే గడియారం.

దీపం మధ్యలో కొండెక్కితే అరిష్టమని కంగారుపడి ఆ రోజంతా మనసు పాడుచేసుకునేవాళ్ళున్నారు. కారణం చాలాసార్లు కంటికెదురుగానే ఉంటుంది. వత్తి మొత్తం నూనెలో తడవకుండా వెలిగిస్తే కొస మాడి బొగ్గు కడుతుంది, నూనె పైకెక్కదు. బయటికి మరీ ఎక్కువ లాగితే పొగ చిమ్ముతుంది. చలికాలం తెల్లవారుజామున ఆవునెయ్యి గడ్డకట్టి వత్తికి అందదు, కరిగించి పోయాలి, లేదా ఆ నెలల్లో నువ్వులనూనెకి మారాలి. ఏసీ గాలి సూటిగా అలమరకి తగిలితే ఏ నూనె పోసినా అంతే. సముద్రపు ఊరు కనుక ఇంకో ఇబ్బంది ఉంది. తేమకి పత్తి వత్తులు మెత్తబడి చిటపటమంటాయి. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో దాచండి. కర్పూరం డబ్బా మూత వదులైతే నెల తిరిగేసరికి అందులో ఏమీ మిగలదు. బీచిరోడ్డు వైపు ఇళ్ళల్లో ఇత్తడి కుందులు రెండు రోజులకే నల్లబడతాయి. చింతపండుతో తోమడం అందరూ చేస్తారు, తడి తుడవడమే మరిచిపోతారు. పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఎండలో పెట్టకపోతే ఉప్పుగాలికి చిలుము మళ్ళీ పడుతుంది. శుక్రవారం పొద్దున్న తోమడం మొదలుపెడితే పూజ మీద ఉండాల్సిన ఓపిక చిలుము మీద అయిపోతుంది. గురువారం సాయంత్రమే ముగించుకోండి.

పంచాంగం కోసం ఫోను తెరిచేవాళ్ళకి ఒక మాట. యాప్‌లో ఊరు హైదరాబాదని ఉండిపోతే అది చూపించే సూర్యోదయం మన సూర్యోదయానికి దాదాపు 20 నిమిషాలు వెనక ఉంటుంది. తిథి ముగిసే సమయం దేశమంతా ఒకటే, పొద్దు పొడవడం మాత్రం ఊరిని బట్టి. తిథి సరిగ్గా ఆ ఇరవై నిమిషాల మధ్య ముగిసిన రోజున అక్కడి పండగ ఇక్కడికి కుదరకపోవచ్చు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని నోటికొచ్చిన లెక్క ఉంది. అది ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకే పొద్దుకి. జూన్ మొదట్లో విశాఖలో ఐదూ ఇరవై దాటగానే సూర్యుడొచ్చేస్తాడు కనుక ఏడింటికే మొదలై ఎనిమిదీ నలభైకి అయిపోతుంది. గోడ మీద గంటల పంచాంగం క్యాలెండరు ఒకటి తగిలించుకుని పొద్దున్నే తిథి, నక్షత్రం చూసుకుంటే రోజుకి సరిపోతుంది. నిత్యదీపానికి ఎలాగూ రాహుకాలం పట్టింపు లేదు.

వాట్సాప్‌లో వచ్చే దేవుడి బొమ్మల మాటా చెప్పాలి. ‘ఈ స్వామిని పదకొండు మందికి పంపితే సాయంత్రానికి శుభవార్త’ అన్నదానికి ఏ శాస్త్రంలోనూ ఆధారం లేదు. పంపకపోతే కీడనడం బొత్తిగా అన్యాయం. బొమ్మ చెరిపేస్తే దోషమని భయపడి ఫోను నిండా దాచుకుని, జాగా చాలక కొత్త ఫోను కొన్నవాళ్ళూ ఉన్నారు. తొమ్మిది రోజులు పూజించిన మట్టి గణపతినే నీళ్ళలో కలుపుతాం, ఫోనులో బొమ్మకి వచ్చిందా దోషం? తీసేయండి. ఏడాదికి ఒక్కరోజు తప్ప నిజరూపం చూపించని స్వామి ఊరివాళ్ళం మనం. అరచేతిలో ఇరవైనాలుగ్గంటలూ దర్శనం కావాలనుకోవడం మనకి మరీ చిత్రం. బురుజుపేటకి వెళ్ళి చూడండి, పైకప్పు లేని చోట కనకమహాలక్ష్మి అమ్మవారికి భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు వేసుకోవచ్చు. అంత దగ్గరికి రానిచ్చే తల్లి ముందు కూడా ఒక చేతిలో కుంకుమ, ఒక చేతిలో కెమెరా.

ఇక ప్రదక్షిణ. చతుర్దశి మధ్యాహ్నానికే జనం బయల్దేరతారు. అడవివరం, ముడసర్లోవ దాటేదాకా అందరి నోటా గోవిందనామమే. హనుమంతవాక దాటి జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం కనబడేసరికి ఫోన్లన్నీ బయటికొస్తాయి. ఆగి ఫొటో తీసుకుని, దాన్ని పంపి, ఎవరు చూశారో చూసుకుంటూ అప్పుఘర్ దాకా నడుస్తారు. ఆగి మళ్ళీ అందుకోవడంలో నడక లయ పోతుంది, లయ పోయాకే కాళ్ళ నొప్పి తెలుస్తుంది. గంటకి నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్ళకి ఆగకుండా అయితే ఎనిమిది గంటలు, మంచినీళ్ళూ విశ్రాంతీ కలుపుకుంటే పది. ఇందులో బలం చాలకపోయేది ఎన్.ఎ.డి. జంక్షన్, గోపాలపట్నం మధ్య. అక్కడికి నామం మిగిలి ఉండాలంటే మొదటి పది కిలోమీటర్లలో అరిచి గొంతు పోగొట్టుకోకూడదు. నాలుగడుగులకి ఒక నామం చొప్పున ఉపాంశువుగా అనుకుంటూ వెళితే ఊపిరీ నిలుస్తుంది. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు ఎండ దిగాక బయల్దేరితే మంచిది, తారు చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ఫోను స్విచాఫ్ చేసి సంచి అడుగున పెట్టండి. గుంపుగా వెళ్ళేవాళ్ళు తప్పిపోతామని భయపడి ఫోను చేత్తో పట్టుకుంటారు. వెంకోజీపాలెం, సీతమ్మధార, కంచరపాలెం అని కలుసుకునే చోట్లు ముందే అనుకుంటే ఆ అవసరమూ ఉండదు. ఇంటి నంబరు ఒక చీటీ మీద రాసి పిల్లల జేబులో, పెద్దవాళ్ళ కొంగున కట్టండి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు, చిల్లర డబ్బులు, ఒక పొడి తువ్వాలు చాలు.

రాస్‌హిల్ చర్చికి వెళ్ళేవాళ్ళూ దర్గా కొండ ఎక్కేవాళ్ళూ కూడా ఫోను గురించి ఇదే చెబుతున్నారు. వాళ్ళ పద్ధతులు వాళ్ళు రాస్తేనే బాగుంటుంది, మీరు అడిగి రాయించండి.

పత్రిక తరఫున మీరు చేయగలిగింది ఒకటుంది. వారానికో రోజు భక్తి పేజీలో ఒక స్తోత్రంలో పన్నెండు శ్లోకాలు, పెద్ద అక్షరాల్లో, లైనుకి ఒక పాదం చొప్పున, అర చెయ్యి వెడల్పున చుట్టూ తెలుపు వదిలి వేయండి. సహస్రనామం తొమ్మిది వారాలకి పూర్తవుతుంది. వెనక వైపు ప్రకటన పడినా మాకు అభ్యంతరం లేదు. రెండు వైపులా శ్లోకాలు మాత్రం వేయొద్దు, కత్తిరించి అట్ట మీద అంటించుకునేవాళ్ళకి ఒక వైపువి పోతాయి. విశాఖ సూర్యోదయ సూర్యాస్తమయాలు జిల్లా పేజీలో విడిగా వేస్తే ఇంకా మేలు.

ఇట్లు,
కొందరు పారాయణ సభ్యులు,
సీతమ్మధార, విశాఖపట్నం.